బండికాలికి రొట్టెల పెనం

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవైనాలుగేళ్లున్న రోజుల్లో, నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఆ తరవాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతూ వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో కుళాయి కారుతున్నా మేస్త్రీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను, ఆయన ఏం చెబితే దానికి బుద్ధిగా తలూపుతాను. అప్పుడు అలా కాదు. ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు చదివాను (రెండో దండయాత్రలో గట్టెక్కాను, అయినా చదివినట్టే కదా), కాబట్టి లోకంలో ఏ వస్తువు ఎందుకు నిలబడుతుందో, ఎందుకు పడిపోతుందో నన్నడిగితే చెబుతానని గట్టి నమ్మకం. హైదరాబాదు నాంపల్లిలో, ఒక ఇంటి పెరట్లో, ఆ నమ్మకానికి ఏ గతి పట్టిందో మీకు చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మా ఇంట్లోవాళ్లకి చెబితే నవ్వేది నన్ను చూసి. మీరు కథను చూసి నవ్వుతారని ఆశ.

మాది తెనాలి దగ్గర పల్లె. రాష్ట్రం కలిసిన కొత్తల్లో మావైపు నుంచి గుమాస్తాలూ ఇంజనీర్లూ రైలెక్కి హైదరాబాదు వస్తూంటే నేనూ ఎక్కాను. ఆబిడ్స్‌లో ఒక మేడమీద కార్బన్ కాగితాలూ టైపు రిబ్బన్లూ అమ్మే చిన్న కంపెనీ ఉండేది, అందులో ఉద్యోగం దొరికింది. గన్‌ఫౌండ్రీ బ్యాంకుల దగ్గర్నుంచి లక్డీకాపూల్ సర్కారు ఆఫీసులదాకా తిరిగి ఆర్డర్లు పట్టుకురావడం నా పని. మా మేనేజరుగారిది గోదావరి జిల్లా. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, పొడుగాటి మెడ. చాటున మేమంతా ఆయన్ని కొంగగారు అనుకునేవాళ్లం (గౌరవవాచకం మాత్రం వదల్లేదు, గమనించగలరు). నేను చేరిన కొన్నాళ్లకి ఆయన నన్ను పిలిచి, "ఏవయ్యా, నువ్వు సైకిలు తొక్కుకుంటూ వెళ్లేసరికి ఆఫీసర్లు భోజనాలకి లేచిపోతున్నారు. సొంతంగా ఓ మోటారు బండి చూసుకో. అప్పుడు నీ ఉద్యోగం పర్మనెంటు చేసే సంగతి ఆలోచిద్దాం" అన్నారు.

అలా చాదర్‌ఘాట్‌లో రిటైరైన ఒక రైల్వే గార్డుగారి దగ్గర పాత మోటారుసైకిలు కొన్నాను. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన బండి. ముదురాకుపచ్చ రంగు, ఇద్దరు మనుషుల బరువు, స్టార్టు చేస్తే మూడిళ్ల అవతల పసిపిల్లలు లేచేవాళ్లు. అన్నీ బాగున్నాయి గాని, నడుం కింద ఉండాల్సిన పెద్ద స్టాండు మాత్రం ఎప్పుడో విరిగి ఊడిపోయింది. ఆ మోడలు సామాన్లు ఇప్పుడు దొరకవట. మిగిలింది పక్క స్టాండు ఒక్కటే. ఎడంవైపు బొటనవేలు లావు ఇనుప కడ్డీ. దాన్ని కాలితో కిందికి తోస్తే, బండి దాని మీదికి కొంచెం ఒరిగి, అరుగు మీద మోచెయ్యి ఆనించుకున్న పెద్దమనిషిలా నిలబడేది. "ఒక్క కాలి మీద నిలబడ్డం దానికి అలవాటే" అని గార్డుగారు భరోసా ఇచ్చారు. ఆబిడ్స్ తారు రోడ్ల మీద నిజంగానే అలవాటే. చిక్కంతా మా ఇంటి దగ్గరే వచ్చింది.

నేను అద్దెకున్న గది నాంపల్లి స్టేషను వెనక ఒక సన్నటి గల్లీలో ఉండేది. ఇంటావిడ మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు, మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. గల్లీ అంతా టీచరమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఒక్కతే ఉండేది. ఆ రోజుల్లో పెళ్లికాని కుర్రాడికి, అందులోనూ ఆంధ్రా నుంచి దిగినవాడికి, హైదరాబాదులో గది దొరకడం కన్నా గవర్నరు గారి దర్శనం దొరకడం తేలిక. అటువంటిది టీచరమ్మ నన్ను ఎదురుగా నిలబెట్టి, గోళ్లు చూసి (నిజంగానే చూసింది), గది ఇచ్చింది. ఇంటి వెనక జాగా లేదు, ముందున్న పది అడుగులే పెరడు. గోడనిండా కాకర తీగ. మిగిలిన జాగాలో బంతి, టమాట, వంగ, గేటు పక్కగా పాకిన గుమ్మడిపాదు. సొంత ఊరి చెరువు నుంచి బండి మీద మట్టి తెప్పించి, పశువుల ఎరువు కలిపి, రోజూ రెండు పూటలా నీళ్లు పెట్టి ఆ నేలను ఆవిడ దూదిపరుపులా తయారు చేసింది. గల్లీలో బండి పెడితే రిక్షాలు దూరవు. గోడకి ఆనిస్తే కాకర తీగ చస్తుంది. ఇక మిగిలింది ఆ దూదిపరుపే.

మొదటిసారి బండి పడిన పొద్దున నాకు బాగా గుర్తు. రాత్రి వాన కురిసింది. నేను పళ్లు తోముకుంటూండగా ముందు నుంచి "దభీ" మని చప్పుడు. పరిగెత్తుకెళ్లి చూస్తే స్టాండు కడ్డీ జానెడు లోతు మట్టిలో దిగిపోయి, బండి బంతిమొక్కల మీద పక్కకి ఒరిగి పడుంది. టీచరమ్మ అప్పటికే బయటికి వచ్చి నిలబడింది. ఆవిడ తిట్టే మనిషి కాదు. నలభై ఏళ్లు పిల్లల్ని భయపెట్టిన ఆ నిదానమైన గొంతుతో, "ఏంది బాబూ గిది? నీ గుర్రం పండుకున్నది" అంది. నేను లేపుతూ, క్షమించండంటూ, ఇంకెప్పుడూ జరగదంటూ ఏదో గొణుగుతున్నాను. ఆవిడ లోపలికెళ్లి చాక్‌పీసు తెచ్చి, గేటు పక్క రాతి స్తంభం మీద నిలువుగా ఒక గీత గీసింది. "ఇది ఒకటి. మూడు గీతలు అయితె గది ఖాళీ చెయ్యాలె. మా బడిల గూడ గట్లనే ఉండె" అంది. ఆ తరవాత వేలు గుమ్మడిపాదు వైపు చూపించి, "దాని జోలికి మాత్రం పోవద్దు" అంది.

'అది' అంటే ఏమిటో మీకు చెప్పాలి. ఆ పాదుకు ఒక్కటే కాయ ఉంచి, మిగిలిన పిందెలన్నీ గిల్లేసింది ఆవిడ. ఆ ఒక్కటీ ఎండుగడ్డి మీద కూర్చుని రోజురోజుకీ పెరిగి, నేను బండి కొనేనాటికి తిరగలి రాయంత అయింది. ఎండ ఎక్కువైతే దానికి నల్ల గొడుగు పట్టించేది. గొడుగు కర్ర మట్టిలో గుచ్చి ఉండేది, కింద గుమ్మడికాయ జమీందారులా కూర్చునేది. చర్చిలో కోతపండుగ అని ఒకటి ఉంటుంది. ఎవరి చేలో పండిన తొలిఫలం వాళ్లు తెచ్చి దేవుడికి సమర్పిస్తారు. పోయిన రెండేళ్లూ సికింద్రాబాదు నుంచి వచ్చే ఒక నర్సమ్మ తెచ్చిన గుమ్మడికాయ ముందు టీచరమ్మది చిన్నబోయిందట. ఈ ఏడు అలా జరగడానికి వీల్లేదు. ఆవిడ ఈ మాట పైకి అనలేదు (దేవుడి దగ్గర పోటీలేమిటి, తప్పు కదా), కాని రోజూ సాయంత్రం టేపు తెచ్చి దాని నడుం కొలిచేది.

అప్పట్నుంచి మా బండిని నిలబెట్టడం నాకు ఉద్యోగం కన్నా పెద్ద ఉద్యోగం అయింది. స్టాండు కింద ఇటుక పెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు ఇటుక ఒక మూలకి కుంగి ఒరిగింది. అదృష్టం కొద్దీ నేను పక్కనే ఉండి పట్టుకున్నాను. కొబ్బరి చిప్ప బోర్లించి పెట్టాను, పుటుక్కున పగిలింది. బిస్కట్ల డబ్బా మూత పెట్టాను, కడ్డీ దానికి బెజ్జం పెట్టుకుని దిగింది. చివరికి షాబాదు బండ ముక్క ఒకటి సంపాదించి పెట్టి, ఇక దిగులు లేదని నిద్రపోయాను. వానకి తడిసిన బండ మీద కడ్డీ జర్రున జారింది. ఈసారి బండి గేటు వైపు పడింది. హ్యాండిలు చివర గుమ్మడికాయకి జానెడు దూరంలో మట్టిలో గుచ్చుకుంది. గొడుగు ఊచ ఒకటి విరిగింది. టీచరమ్మ ముందు కాయ చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూసి, ఆ తరవాత వెళ్లి చాక్‌పీసు తెచ్చింది. రెండో గీత మొదటి దానికన్నా పొడుగ్గా గీసింది. కోతపండుగకి ఇంకా మూడు వారాలుంది.

నాంపల్లిలో మా గల్లీ మొదట్లో ఒక మెకానిక్కు ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నల్లబడిన పైజామా, చెవిలో సగం కాల్చిన బీడీ, మాట తక్కువ. నా గోడు మొత్తం విని, వంగి స్టాండు కడ్డీ చివర బొటనవేలితో రాసి చూసి నవ్వాడు.

"కాలు గింత సన్నగున్నది సార్. మన్నుల దిగకుంటె ఏం చేస్తది? చెప్పుల్లేవు దీనికి. జర అరచెయ్యంత పట్టీ వెల్డింగ్ చేస్తె అయిపాయె. ఫికర్ చెయ్యకున్రి."

అంత తేలిగ్గా అయిపోతుందంటే నాకు నచ్చలేదు. "అరచెయ్యంత ఏం చాలుతుందండీ? భారం ఎంత ఎక్కువ జాగా మీద పరుచుకుంటే ఒత్తిడి అంత తగ్గుతుంది. ఇది ఫిజిక్సు. పెద్దది పెట్టండి" అన్నాను.

"ఎంత పెద్దది సార్?"

"మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది."

ఉస్తాద్ బీడీ తీసి మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు. "వద్దు సార్. రోడ్డు మీద తక్లీఫ్ అయితది. నిలవడెటప్పుడు బండికి కాలు గావాలె గని, ఉరికెటప్పుడు వద్దు గద."

ఎంత మంచి మాట! ఇప్పుడు తలుచుకుంటే ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేను నేల మీద పుల్లతో సూత్రం రాసి చూపించాను. ఆయన దాన్ని మర్యాదగా చూసి, "మీరు సదువుకున్నోళ్లు సార్. బండి గూడ మీదే" అని లేచి, పక్క హోటల్లో మూలపడి ఉన్న పాత రొట్టెల పెనం ఒకటి తెచ్చాడు. భోజనం పళ్లెంలో ముప్పాతిక వంతు ఉంటుంది. ఇనుపది, అంచులు కొంచెం పైకి వంగి గిన్నెలా ఉంది. దాని నడిమధ్య కడ్డీ చివర ఆనించి, నిప్పురవ్వలు రాల్చి అతికించాడు. బండి ఇప్పుడు ఏనుగు కాలు తొడుక్కున్నట్టుంది.

ఆ రాత్రి కుండపోత వాన. పొద్దున లేచి చూద్దును కదా, పెరడంతా బురద, బండి మాత్రం గోల్కొండ బురుజులా నిలబడుంది. టీచరమ్మ వచ్చి వేలితో తోసి చూసింది. కదల్లేదు. "ఔ, ఇప్పుడు మంచిగున్నది. బుర్ర ఉన్న పిల్లగానివే" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు రావడం ఆ ఒక్కసారే విన్నాను. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆ వారమంతా ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లకి భారం, వైశాల్యం, ఒత్తిడి గురించి పాఠం చెప్పాను. టైపిస్టు ఒకాయన నన్ను చూస్తే మెట్లు దిగిపోవడం మొదలుపెట్టాడు.

మెత్తటి నేల మీద ఆ పెనం అంత గొప్పది ఇంకోటి లేదు. కాని మనిషి ఇంట్లోనే ఉండడు కదా. స్టాండు పైకి మడిస్తే కడ్డీ వెనక్కి తిరిగేది, దానితో పాటు పెనం నిలువుగా లేచి, గిన్నెలాంటి లోపలివైపు ముందుకి పెట్టుకుని, నేలకి బెత్తెడు ఎత్తులో వేలాడేది. ఎడమవైపు మలుపు తిరిగితే చాలు, అంచు రోడ్డుకి రాసుకుని "కీ...చ్" మని అరిచేది, రవ్వలు ఎగిరేవి. ఆబిడ్స్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు మొదటిసారి ఈల వెయ్యడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయాడు. నేను ఎడమ మలుపులు మానేశాను. లక్డీకాపూల్ వెళ్లాలంటే కుడివైపు మలుపులు మాత్రమే ఉండేలా దారి వెతుక్కుని, ఊరంతా చుట్టి వెళ్లేవాణ్ణి. ఇంత జరుగుతున్నా పెనం తప్పనిపించలేదు నాకు, రోడ్లు వేసినవాళ్లదే తప్పనిపించింది.

ఇలా ఉండగా కోతపండుగ వచ్చే ఆదివారం అనగా, ఆ గురువారం, కొంగగారు నా దగ్గరికి వచ్చారు. లక్డీకాపూల్‌లో ఒక పెద్ద ఆఫీసు వాళ్లు ఏడాదికి సరిపడా కార్బన్ కాగితాల ఆర్డరు ఇస్తామన్నారట, సూపరింటెండెంటుని తనే స్వయంగా చూడాలట. "కారు షెడ్డుకెళ్లింది. నీ బండి మీద దింపవయ్యా. ఈ ఆర్డరు వస్తే నీ సంగతి కూడా తేల్చేస్తాను" అన్నారు. ఆయన ఆ రోజు వేసుకున్న ప్యాంటు మడత పట్టుకుంటే వేలు తెగేట్టుంది. నేను ఎంతో జాగ్రత్తగా, ఎడమకి తిరగకుండా, నాంపల్లి మీదుగా తీసుకెళ్తున్నాను. పబ్లిక్ గార్డెన్స్ దగ్గర రోడ్డుకి అడ్డంగా నిన్నటి వాన నీరు నిలిచి ఉంది. లోతేమీ లేదు, చక్రం సగం కూడా మునగదు. వేగంగా దాటేస్తే బూట్ల మీద పడదని ఆలోచించి (మళ్లీ ఆలోచన!) యాక్సిలరేటరు తిప్పాను.

పెనం ఆ నీటిని గరిటెతో తోడినట్టు తోడింది. తోడినదంతా ఎక్కడికో పోవాలి కదా. వెనక నుంచి "ఓరి బాబోయ్!" అన్న కేక వినబడింది. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి ఎన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా ఆపదలో నోటికొచ్చేది అదే. ఆపి చూస్తే కొంగగారి కుడికాలు మల్లెపువ్వులా ఉంది, ఎడమకాలు తొడ దాకా మట్టిరంగు, బూటులోంచి నీళ్లు కారుతున్నాయి. టైమైపోతోందని ఆయన అలాగే బండెక్కి, లక్డీకాపూల్‌లో దిగి, ఆఫీసు లోపలికి నడిచారు. నేను వెనకాల శాంపిల్ కాగితాల కట్ట పట్టుకుని వెళ్లాను. సూపరింటెండెంటు కళ్లజోడు పైకెత్తి, కుడికాలు చూసి, ఎడమకాలు చూసి, "మీరిద్దరూ కలిసే వచ్చిన్రా?" అని అడిగాడు. అడిగింది మమ్మల్ని కాదని, రెండు కాళ్లనని నాకు కాస్త ఆలస్యంగా అర్థమై, ఆపుకోలేక నవ్వేశాను. ఆర్డరు సంగతి వచ్చేవారం చూద్దాం, బట్టలు ఆరబెట్టుకోండి అన్నాడాయన.

బయటికొచ్చాక కొంగగారు రిక్షా ఎక్కుతూ నా బండి వైపు వేలు చూపించారు. "సోమవారం పొద్దున ఆ పళ్లెం నాకు కనబడకూడదు. అది కనబడితే నువ్వు కనబడవు."

తిన్నగా ఉస్తాద్ దగ్గరికి పరిగెత్తాను. షెడ్డుకి తాళం. మేనకోడలి పెళ్లికి జహీరాబాదు వెళ్లాడట, ఆదివారం రాత్రికి గాని రాడట. సోమవారం పొద్దున్నే అతని దగ్గరికి వెళ్తే సరిపోయేది. కాని అప్పటికి నా బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది: అతికించడానికి ఉస్తాద్ కావాలి గాని, కొయ్యడానికి ఉస్తాద్ ఎందుకు? శనివారం ఒంటిపూట ఆఫీసు అయ్యాక ఆబిడ్స్‌లో ఇనుము కోసే రంపం కొనుక్కుని ఇంటికొచ్చాను. టీచరమ్మ లోపల మర్నాటికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. కాయని పండుగ పొద్దునే తెంపుతుందట, తాజాగా ఉండాలని. ఆ రోజు నడుం కొలిచి వచ్చిన ఆనందంలో నాకు టీ కూడా ఇచ్చింది.

బండిని రెండు ఇటుకలూ ఒక కర్రా దన్నుపెట్టి నిలబెట్టి, స్టాండు మడిచి, కొయ్యడం మొదలుపెట్టాను. ఉస్తాద్ అతుకు పెట్టిన చోట ఇనుము గడ్డకట్టి బండలా ఉంది, రంపం పళ్లు దిగడంలేదు. సరే, దానికి రెండంగుళాలు పైన కడ్డీ సన్నగా, సాఫుగా ఉంది కదా, అక్కడ కోస్తే సుళువు కదా అనుకున్నాను. కోశాను. అరగంట పట్టింది. కూనిరాగం తీస్తూ కోశాను. పెనం ఠంగుమని రాలిపడింది. రెండంగుళాలు పొట్టిదైన కడ్డీని కిందికి దించి, దన్నులు తీసి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాను. బండి నిలబడింది. మామూలు కన్నా కొంచెం ఎక్కువ వంగి, ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు నిలబడింది. చేతులు కడుక్కుందామని చెంబు అందుకున్నాను.

"దభీ" అన్నది నాకు అలవాటైన చప్పుడే. దాని వెంటనే "ఫట్" మని ఇంకోటి వచ్చింది. అది నేను అంతకుముందు విననిది, ఈ జన్మలో మరిచిపోలేనిది.

గుమ్మడికాయ నడిమికి రెండుగా విచ్చుకుంది. టీచరమ్మ బయటికి వచ్చేసరికి నేను చెంబు పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఉంది కదా, నేను నిజంగానే తడుముకున్నాను. భుజం మీద రెండు గింజలు అతుక్కుని ఉన్నాయి. ఆవిడ కాయ వైపు చూసింది, బండి వైపు చూసింది, పెనం వైపు చూసింది, రంపం వైపు చూసింది. బ్లాకుబోర్డు మీద తప్పు లెక్కని మొదటి అంకె నుంచి చదువుకుంటున్నట్టు ఒక్కొక్కటే చూసింది.

"దెబ్బ తాకిందా?" అంది చివరికి.

"లేదండీ, పెట్రోలు ట్యాంకు కొంచెం సొట్టపోయిందంతే."

"బండి గురించి అడుగుతలేను. నీకు."

ఊళ్లో మా అమ్మని వదిలి వచ్చి ఏడాదిన్నర అయింది. హైదరాబాదులో నాకు దెబ్బ తగిలిందా అని అడిగిన మొదటి మనిషి ఆవిడే, అదీ నేను ఆవిడ గుమ్మడికాయ పగలగొట్టిన పూట. "గీత గీసెయ్యండి టీచరమ్మగారూ. మూడోది. రేపే గది ఖాళీ చేస్తాను" అన్నాను.

ఆవిడ లోపలికెళ్లింది. చాలాసేపు రాలేదు. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. నేను గదిలోకెళ్లి చొక్కాలు మడతపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ వచ్చి నా గుమ్మంలో నిలబడి, "చాక్‌పీసు అయిపోయింది" అంది. నలభై ఏళ్లు చాక్‌పీసుతో బతికిన మనిషి ఇంట్లో చాక్‌పీసు లేదట! "ఆ అంగీలు మళ్ల పెట్టెల పెట్టు. పొద్దుగాల ఏడు గంటలకు తయారుండు. దాన్ని ఎవరు మోస్తరు మరి, నేనా?"

మర్నాడు ఆదివారం, పెద్ద రాగిపళ్లెంలో రెండు చెక్కలూ పెట్టుకుని, ఒళ్లో మోసుకుంటూ, రిక్షాలో ఆవిడ పక్కన కూర్చుని చర్చికి వెళ్లాను. జీవితంలో చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. బలిపీఠం ముందు జొన్న కంకులూ చెరుకుగడలూ బంతిదండలూ, కాళ్లు కట్టిన కోళ్లు రెండు, గుడ్ల బుట్టలూ వరసగా పెట్టి ఉన్నాయి. నర్సమ్మ గుమ్మడికాయ అప్పటికే వచ్చి కూర్చుంది. నూనె రాసి తుడిచారేమో, నిగనిగలాడుతోంది. మా పళ్లెం చూసి ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, ఏంది టీచరమ్మా, పలిగింది తెచ్చిన్రు?"

నేను తల వంచుకున్నాను. టీచరమ్మ తొణకలేదు, బెణకలేదు.

"పలగలే తల్లీ, పలగ్గొట్టించిన. మీది చూస్తె అందరు పైన తోలే చూస్తరు. లోపల ఎంత ఎర్రగున్నదో దేవుడు చూడద్దా?"

నిజమే మరి. కిటికీలోంచి పడిన ఎండలో ఆ రెండు చెక్కలూ పసుపూ కుంకుమా కలిపిన రంగులో మెరుస్తున్నాయి. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా వచ్చి వాటి చుట్టూనే మూగారు. ఒకావిడ గింజలు అడిగి కొంగున కట్టుకుంది, ఆవిణ్ణి చూసి ఇంకో నలుగురు. నర్సమ్మ కూడా, కాసేపు అటూ ఇటూ చూసి, నాలుగు గింజలు తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు, రిక్షా నాంపల్లి దగ్గర పడుతుండగా, టీచరమ్మ అంది, "అబద్ధమాడిన, చూసినవా. అదీ చర్చిల. ఇన్నేండ్ల సర్వీసుల ఒక్కటి గూడ ఆడలే. నీ బండి ఆడించింది." నేను తప్పు నాదేనని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఊకో బిడ్డా. నర్సమ్మ మొఖం చూసినవా?" అని, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని, రిక్షా ఊగిపోయేలా నవ్వింది. అంతవరకూ నేను ఆవిడకి బాబునే. బిడ్డని అయింది ఆ రోజే.

సోమవారం తెల్లవారగానే ఉస్తాద్ షెడ్డు ముందు నిలబడ్డాను. ఆయన పెళ్లి నుంచి వచ్చిన అత్తరు వాసనతోనే వంగి, కోసిన కడ్డీ చివర బొటనవేలితో రాసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు చేసిన్రు సార్ గిది?"

"ఎవడోనండీ... బాగా చదువుకున్నవాడు."

మీసాల చాటున నవ్వుకున్నాడు గాని నన్ను పట్టివ్వలేదు. "మంచిగనే కోసిన్రు సార్. జరంత పైన కోసిన్రు, గంతే" అన్నాడు. పోయిన రెండంగుళాలకి కడ్డీ ముక్క అతికించి, దాని కింద అరచెయ్యంత ఇనుప పట్టీ పెట్టాడు. ఈసారి నేను నోరు మెదపలేదు. పది నిమిషాల పని. ఆ బండి నా దగ్గరున్నన్నాళ్లూ, వానలో గాని బురదలో గాని, మళ్లీ పడలేదు. కొంగగారు ఆ పొద్దున కిటికీలోంచి వంగి బండి ఎడమపక్క చూసి తల లోపలికి తీసుకున్నారు. మర్నాడు కారులోనే లక్డీకాపూల్ వెళ్లి ఆర్డరు తెచ్చుకున్నారు. రెండు నెలల తరవాత నన్ను పర్మనెంటు చేశారు. (ఆ కాగితం ఇస్తూ, "ఆ రోజు నువ్వు నవ్వడం నేను చూశాను" అన్నారు. అంతే.)

ఆ తరవాత నేను చేయించిన పనుల్లో, చేసిన పనుల్లో, చెడగొట్టినవి చాలానే ఉన్నాయి. ఒక్కటీ ఇంత ఇష్టంగా గుర్తురాదు. ఈ మధ్య మధ్యాహ్నాలు నిద్రపట్టక కళ్లు మూసుకుని పడుకుంటే, ఆ కుర్రాడు కనిపిస్తూంటాడు. చొక్కా చేతులు మడిచి, మట్టిలో గొంతుక్కూర్చుని, చెమటలు కారుతూ, కూనిరాగం తీస్తూ, తన కింద కొమ్మని తనే కోసుకుంటూంటాడు. వెళ్లి వాడి భుజం తట్టి, "ఒరే నాయనా, అక్కడ కాదురా, కొంచెం కిందికి" అని చెబుదామనిపిస్తుంది. చెప్పినా వింటాడా? తలైనా ఎత్తకుండా, "మీకెందుకండీ పెద్దాయనా, కాస్త తప్పుకోండి, వెలుతురు అడ్డం వస్తున్నారు" అంటాడు. నేనూ మారుమాట్లాడకుండా, నవ్వుకుంటూ, తప్పుకుంటాను.